కాటా వెయ్యకుండా కంపెనీ పేరడక్కు బావా

సంక్రాంతికి ఆస్ట్రేలియా బ్రిస్బేన్ నుంచి దిగిన మా బావ ఇక్కడ తిరగడానికి ఒక కారవాన్ కట్టిస్తున్నాడు. అంటే బండి వెనక తగిలించుకునే చక్రాల ఇల్లు. దాన్ని లాగే బండి గురించి కనుమ నాడు మినపగారె తుంచుకుంటూ తీర్పు చెప్పేశాడు. "కారవాన్ లాగాలంటే లాండ్ క్రూజరేరా. మిగతావన్నీ రేకు డబ్బాలు. ఇక్కడ నమ్మదగ్గ బండేదైనా ఉంటే నువ్వే చెప్పు, కొనేస్తాను."

అడిగింది నన్ను కాబట్టి చెప్పాలి. మాది విజయనగరం జిల్లా గజపతినగరంలో సప్లయర్స్ వ్యాపారం. షామియానాలు, కుర్చీలు, వంటసామాను, సీరియల్ సెట్లు, వీటన్నిటికీ ప్రాణం పొయ్యడానికి ట్రాలీ మీద ఒక జనరేటరు. ఆ ట్రాలీని బండి వెనక తగిలించి 22 ఏళ్ళుగా పెళ్ళిళ్ళకీ జాతర్లకీ తిప్పుతున్నాను. ఇటు భోగాపురం ఇసకల్లోంచి అటు అనంతగిరి ఘాట్ దాకా. కారవాన్ అన్న మాట బావ నోటే ఎక్కువగా విన్నాను గానీ, వెనక టన్నున్నర బరువు నెట్టుకొస్తుంటే వెన్నులో పుట్టే భయం మాత్రం నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

బావది ఉత్త ఫారిన్ గొప్ప అని కొట్టిపారెయ్యను. ఆస్ట్రేలియాలో రిటైరైన మొగుడూపెళ్ళాలు ఇంటికి తాళమేసి, రెండు మూడు టన్నుల కారవాన్ కట్టుకుని నెలల తరబడి దేశమంతా చుట్టొస్తారట. మధ్యలో ఎడారి. కొన్ని దార్లలో బంకుకీ బంకుకీ నడుమ 200, 300 కిలోమీటర్లు. అక్కడ బండి మొరాయిస్తే మనలా కిళ్ళీబడ్డీ దగ్గర కూచుని మెకానిక్‌కి ఫోన్ చేసే వీలుండదు. అందుకే 1984లో వచ్చిన 70 సిరీస్ లాండ్ క్రూజర్‌ని ఇప్పటికీ తయారుచేయించుకుని మరీ కొంటున్నారు. వాళ్ళకి నమ్మకం అంటే ఇంటికి తిరిగి రావడం.

అయితే అదే దేశంలో బావ చెప్పని కథలూ ఉన్నాయి. నిస్సాన్ పేట్రోల్ అని ఒక బండి. దాని 4.2 లీటర్ల ఆరు సిలిండర్ల పాత డీజిల్ ఇంజన్‌కి అక్కడ ఇవాళ్టికీ భక్తులున్నారు. 2000 ప్రాంతంలో అదే బండికి 3 లీటర్ల కొత్త ఇంజన్ పెట్టారు. పేరదే, రూపమదే, ముందు రేకు మీద అక్షరాలూ అవే. తొలి ఏళ్ళలో వచ్చిన ఆ ఇంజన్లు పిస్టన్లు కరిగి పేలిపోతుంటే జనం దానికి 'గ్రెనేడ్' అని పేరెట్టుకున్నారు. ఇప్పుడు చెప్పండి, పేట్రోల్ నమ్మకమైన బండేనా? ఏ ఇంజన్ పేట్రోల్ అని అడగకుండా జవాబు చెప్పలేం కదా.

బావ లాండ్ క్రూజర్ని కట్టే టొయోటాది ఇంకా పెద్ద కథ. 2015 అక్టోబరు నుంచి 2020 ఏప్రిల్ దాకా ఆస్ట్రేలియాలో అమ్మిన డీజిల్ హైలక్స్, ఫార్చ్యూనర్, ప్రాడో బండ్లు 2 లక్షల 60 వేలకు పైమాటే. పొగగొట్టంలో మసిని పట్టే జల్లెడ ఒకటుంటుంది, డీపీఎఫ్ అంటారు. అది పట్టిన మసిని అప్పుడప్పుడు తనే కాల్చేసుకోవాలి. హైవే వేగంతో ఆగకుండా పోతున్నా ఆ పని సరిగ్గా జరగడం లేదని కొన్నవాళ్ళు దావా వేశారు. 2022లో ఫెడరల్ కోర్టు లోపం నిజమేనంది. నష్టం ఎంత కట్టాలన్న తగువు హైకోర్టు దాకా నడిచింది. అక్కడ హైకోర్టంటే మన సుప్రీంకోర్టు లెక్క. బావ పెద్ద లాండ్ క్రూజర్ ఆ జాబితాలోది కాదు, నిజమే. కానీ ఆ జాబితాలో ఉన్న రేకుల మీద ఉన్నదీ బావ దణ్ణం పెట్టే గుర్తే.

ఈ జల్లెడ సంగతి నేను పేపర్లో చదివి తెలుసుకోలేదు. 2020 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో బీఎస్-6 పొగ నిబంధనలు వచ్చాక డీజిల్ బండ్లకి ఇది మామూలైపోయింది. మేమూ ఒక కొత్త డబుల్ క్యాబిన్ బండి కొన్నాం. కంపెనీ పేరు చెప్పను, చెబితే ఆ కంపెనీ అభిమానులు వచ్చి నా మీద పడతారు. మా తిరుగుడు ఎలా ఉంటుందంటే, షాపు నుంచి కల్యాణ మండపానికి 2 కిలోమీటర్లు, మండపం దగ్గర ఏసీ వేసుకుని గంటన్నర నిద్ర, మళ్ళీ 2 కిలోమీటర్లు. మసి కాలాలంటే జల్లెడలో 600 డిగ్రీల దాకా వేడి పుట్టాలి. మా కుర్రాళ్ళ నిద్రకి అంత వేడి ఎక్కణ్ణుంచి వస్తుంది? పసుప్పచ్చ దీపం వెలిగితే "ఏదో లైటెలిగిందన్నా" అనుకుని తాళం తిప్పేసేవారు. పది రోజులు అలా గడిచాక, రామభద్రపురం దాటిన తర్వాత, రాత్రి 9.40కి ముహూర్తం పెట్టుకుని, జనరేటరు వెనక ఉండగా బండి ఒక్కసారి నీరసించిపోయింది. ఆగలేదు. ఆగినా బాగుండేది. ఎంత తొక్కినా మూడురోజుల జ్వరం పడ్డవాడిలా 30 దాటి నడవలేదు. ఆఖరికి చెరకు దింపి వస్తున్న ట్రాక్టరు ఒకటి మా ట్రాలీని లాక్కెళ్ళింది. పెళ్ళి ఆగలేదు గానీ, పెళ్ళికూతురు తండ్రి నన్ను చూసిన చూపు ఇప్పటికీ అప్పుడప్పుడు కల్లోకొస్తుంది. మర్నాడు బండితో ఇచ్చిన పుస్తకం తెరిస్తే ఆ దీపం గురించి ఒకటిన్నర పేజీ ఉంది. దీపం వెలిగితే ఆపకుండా కాసేపు దూరం తోలమని. తప్పు కంపెనీదా, మాదా? సగం సగం అని నాకు నేను చెప్పుకుంటాను.

ఇప్పుడు నాన్న జీపు గురించి చెప్పాలి. మా వైపు జీపంటే ఏ కంపెనీదైనా జీపే. అది ఘాట్ ఎక్కిన ప్రతిసారీ ఉడికేది. ఇంజన్ కింద ఎప్పుడూ నూనె మరక. వానొస్తే లోపల కూచున్నవాడు బయట నిలబడ్డవాడి కన్నా ఎక్కువ తడిసేవాడు. అయినా నాన్న 14 ఏళ్ళు "నా బండి నన్నెప్పుడూ దార్లో ఒదలలేదు" అనేవాడు. నాకు చిన్నప్పుడు ఇది పచ్చి అబద్ధంలా ఉండేది, ఎందుకంటే ఆ దార్లలో వెనక సీట్లో నేనూ ఉండేవాణ్ణి. పెద్దయ్యాక అర్థమైంది. అది ఆగేది, కానీ ఆగి ఉండిపోయేది కాదు. సీటు కింద ఒక గోనెసంచి. అందులో ఫ్యాన్ బెల్టు, రేడియేటర్ హోసు పైపు, ఒక జాయింటు క్రాసు, పాత ట్యూబు ముక్కలు, సబ్బు. డీజిల్ టాంకు కారితే సబ్బు రాసి తిరిగొచ్చేవాళ్ళు. రోగాలు ఐదే, ఐదింటికీ మందు సంచిలో ఉండేది. ఆ సంచిని లెక్కలోంచి తీసేస్తే ఆ జీపు కన్నా చెడ్డ బండి జిల్లాలో లేదు.

నమ్మకంలో రెండు రకాలున్నాయని నాకు అప్పుడే తట్టింది. చెడకపోవడం ఒకటి, చెడితే బాగుపడటం ఒకటి. జపాన్ వాళ్ళు మొదటిది అమ్ముతారు. మన రోడ్ల మీద బతికిన బండ్లు ఎక్కువగా రెండోది అమ్మాయి. 1947లో మహీంద్రా వాళ్ళు విల్లీస్ జీపులు బిగించడం మొదలెట్టిన నాటి నుంచి ఆ పోలికలో ఎన్నో రకాలు వచ్చినా, సాలూరులోని మెకానిక్ చేతికి అందనంత దూరం ఏదీ పోలేదు. సాలూరు లారీల ఊరు. బాడీలు కట్టడం దగ్గర్నుంచి కమాన్ కట్టలు విప్పి వంపు తియ్యడం దాకా అక్కడ జరగని పనుండదు. కొత్త బండ్లతో ఈ రెండో రకం నమ్మకం పోతోంది. చెడటం తక్కువైంది, ఒప్పుకుంటాను. కానీ చెడితే మాత్రం ముందు రోగమేదో చెప్పే లాప్‌టాప్ రావాలి, అది వైజాగ్ నుంచి రావాలి, అది వచ్చేది సోమవారం.

ఇక్కడిదాకా ఇంజన్ గోల. బరువు లాగే బండి విషయంలో ఇంజన్ కన్నా ముందు భయపడాల్సింది వేరే ఉంది. నేను నేర్చుకున్నది ఎస్.కోట ఘాట్‌లో.

అనంతగిరిలో పెళ్ళి. తెల్లవారి మూడింటికి సామాను సర్దుకుని దిగుతున్నాం. తోలుతున్నది నేనే. ఎక్కేటప్పుడు బండి ఏడ్చుకుంటూ ఎక్కింది కాబట్టి జాగ్రత్తపడ్డాను. దిగేటప్పుడు హాయిగా దిగుతోంది కదా అని మూడో గేర్లో వేసి బ్రేకు మీద కాలుంచాను. పది పన్నెండు మలుపులయ్యాక ముందు వాసన వచ్చింది, గోనెపట్టా కాలినట్టు. తర్వాత పెడలు. ఎప్పుడూ సగంలో ఆగే పెడలు బురదలో కాలేసినట్టు మెత్తగా కిందికి దిగిపోయింది. రెండో గేరు, కీచుమంటూ ఒకటో గేరు, హ్యాండ్ బ్రేకు, కొండవైపు కాలవ. రాళ్ళకి రాసుకుంటూ వెళ్ళి మట్టిగట్టుకి తగిలి ఆగాం. దిగి ముందు చక్రం దగ్గర వంగితే నా ముక్కు మీంచి చెమట చుక్క రాలి చుయ్యిమంది. వెనక ట్రాలీ కొక్కెం దగ్గర చూస్తే, పిన్నుకి పెట్టాల్సిన స్ప్లిట్ పిన్ బదులు మావాడు వంచిన మేకు పెట్టాడు. అది సగం తెగి ఉంది.

మా మేస్త్రీ పెద్దాయన చక్రాలు విప్పి చూసి ఒకే మాటన్నాడు. "బండికేటవలేదు బావూ. ఎనకున్న బరువుకి బ్రేకేదీ? దాన్నీ ఇదే ఆపాలా?"

జనరేటరు వ్యాపారం చేసేవాణ్ణి కాబట్టి నాకు లెక్క యూనిట్లలో వస్తుంది. బండి, మనుషులు, ట్రాలీ కలిసి 3,600 కిలోలు. దిగిన ఎత్తు 800 మీటర్లనుకోండి. ఆ దిగుడులో పుట్టే శక్తి దాదాపు 8 యూనిట్ల కరెంటు. మా జనరేటరు 20 కిలోవాట్ల లోడు మీద 24 నిమిషాలు ఆడితే వచ్చేంత. పెళ్ళి పందిరి మొత్తం వెలిగించే ఆ కరెంటుని నేను నాలుగు చక్రాల్లోని బ్రేకుల మీద పొయ్యి పెట్టినట్టు పెట్టాను. గేరు తగ్గించి ఉంటే చాలా భాగం ఇంజన్ మింగేసేది. పైగా బ్రేకు ఆయిలు గాల్లో తేమని పీల్చుకుంటుంది. డాట్ 3 ఆయిలు కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల దాకా మరగదు. తేమ పడితే 140కే మరుగుతుంది. సముద్రం పక్కన, మన వానల్లో, నాలుగేళ్ళు మార్చని ఆయిలంటే ఇక చెప్పేదేముంది. పక్క కొండ మీంచే ఇనప ఖనిజం నింపుకుని కిరండూల్ లైను గూడ్సులు దిగుతుంటాయి. వాటికి అన్నేసి ఇంజన్లు ఎక్కడానికే అనుకునేవాణ్ణి. దిగేటప్పుడు బరువుని పట్టి ఆపడానికి కూడానని అప్పుడు అర్థమైంది.

ఆస్ట్రేలియా వాళ్ళని చూసి నేర్చుకోవాల్సింది బ్రాండు భక్తి కాదు, ఈ పద్దతి. అక్కడ 750 కిలోల లోపు ట్రాలీకి మాత్రమే బ్రేకు లేకపోయినా నడుస్తుంది. అది దాటితే ట్రాలీకి సొంత బ్రేకులుండాలి. 2 టన్నులు దాటితే అన్ని చక్రాలకీ ఉండాలి, కొక్కెం ఊడితే వాటంతటవే పడాలి. మా ట్రాలీకి బ్రేకు ఆ ఘాట్ తర్వాత పెట్టించాను. అంతకుముందు 19 ఏళ్ళు లేదు. ఎస్.కోట వైపు కొండ దేవతలందరికీ నా నమస్కారాలు.

ఇంకో లెక్క బావకి కాయితం మీద వేసి చూపించాను. లాండ్ క్రూజర్ 300 వెనక 3,500 కిలోలు లాగొచ్చని కంపెనీ చెబుతుంది. బావ ఆ అంకెను కులగోత్రాల్లా చెప్పుకుంటాడు. కానీ కొక్కెం మీద కారవాన్ బరువులో పదో వంతు పడాలి, అంటే 350 కిలోలు. ఆ 350 బండి మొయ్యాల్సిన బరువులోకే వస్తుంది. బండి అన్నీ కలుపుకుని 3,280 కిలోలు దాటకూడదు. పై రకాల్లో ఖాళీ బండి పోగా మిగిలేది 700 కిలోల లోపే. అందులోంచి 350 తీసేస్తే నలుగురు మనుషులెక్కాక ఇంక ఒక బియ్యం బస్తాకి చోటుంటుందేమో. ముందు ఇనప బంపరు, పైన గుడారం, వెనక ఫ్రిజ్జు, ఇవన్నీ బావ ఫొటోల్లో ఉన్నాయి. మరి ఆ చెడని బండిలో వెనక స్ప్రింగు కుంగిందని మూడేళ్ళ కిందట మార్పించానని తనే అన్నాడు. ఎందుకు కుంగిందంటావు బావా అన్నాను. గారె నమిలాడు.

పదో వంతే ఎందుకు అని అక్క అడిగింది. ఎద్దుబండి గుర్తు తెచ్చుకో అన్నాను. బస్తాలు ముందుకు పేరిస్తే ఎద్దుల మెడ విరుగుతుంది. వెనక్కి పేరిస్తే కాడి పైకి లేచి ఎద్దులు గాల్లో తేలినట్టు నడుస్తాయి. ముందుకి కాస్త మొగ్గుంటే బండి బుద్ధిగా నడుస్తుంది. కారవాన్ కూడా అంతే. వెనక మొగ్గయితే 80 దాటగానే తోకాడిస్తుంది. ఒకసారి ఆడటం మొదలెడితే ముందున్న బండిని ఏ దేశం వాడు కట్టాడన్నది ఎవరికీ గుర్తుండదు.

సరే, పేర్లు చెప్పమన్నాడు కాబట్టి చెప్పేస్తాను. నా మటుకు నాకు 750 కిలోల్లోపు చిన్న కారవాన్ అయితే బొలెరో చాలు. చాసీ మీద కట్టిన బండి, 2000 నుంచి రోడ్ల మీద ఉంది. సాలూరు నుంచి ఇచ్ఛాపురం దాకా ఏ సెంటర్లో దిగినా దాని బేరింగు దొరుకుతుంది, బిగించేవాడూ దొరుకుతాడు. కుర్రాళ్ళు థార్ అంటారు. కళింగపట్నం ఇసకలో థార్ చేసే పని నాకూ ముచ్చటే. కానీ మూడు తలుపుల థార్‌లో ముందు చక్రానికీ వెనక చక్రానికీ దూరం 2,450 మిల్లీమీటర్లు. బొలెరోకి 2,680. ఇసుజు వీ-క్రాస్‌కి 3,095, హైలక్స్‌కి 3,085. వెనక బరువు తోకాడించినప్పుడు పొట్టి బండిని తిప్పెయ్యడం తేలిక, పొడుగు బండిని కష్టం. కొండ ఎక్కడానికి పుట్టిందీ బరువు లాగడానికి పుట్టిందీ ఒకటి కాదు, ఈ ముక్క మాత్రం షోరూముల్లో ఎవరూ చెప్పరు. ఫోర్స్ కంపెనీ గూర్ఖాకీ ఇదే మాట. దాని ముందూ వెనకా చక్రాలు జంటగా తిరిగేలా బిగించే డిఫరెన్షియల్ లాకులు బురదలో బంగారం, హైవే మీద వాటితో పనే లేదు.

టన్ను దాటితే మాత్రం వీ-క్రాస్ లేదా హైలక్స్. వీ-క్రాస్ మన శ్రీసిటీలోనే 2016 నుంచి తయారవుతోంది, రాష్ట్రాభిమానం కూడా కలిసొస్తుంది. హైలక్స్ ఆటోమేటిక్‌లో 500 న్యూటన్ మీటర్ల టార్కు ఉంది. ఘాట్ ఎక్కేటప్పుడు వెనక ఏముందో మర్చిపోయే బలం. రెంటికీ నా భయం ఒక్కటే. విప్పగల చెయ్యి మా వైపు జిల్లాల్లో నా ఎరికలో తక్కువ. కాబట్టి కొంటే దీపాల పుస్తకం చదవాలి, బ్రేకు ఆయిలు రెండేళ్ళకోసారి మార్చాలి, సంచి సీటు కింద పెట్టుకోవాలి. ఇంకో సంగతి, నేను తిరగేసిన మన బ్రోచర్లలో చాలావాటిలో ఎంత లాగొచ్చో అంకె కనపడలేదు. సన్‌రూఫ్ కొలతలు మాత్రం ఉన్నాయి. అడిగి, కాయితం మీద రాయించుకోకుండా డబ్బు కట్టొద్దు.

బావ కారవాన్ సాలూరులో ఒక షెడ్డులో తయారవుతోంది. లారీ బాడీలు కట్టే చేతులు కదా, గట్టిగా కట్టారు. "టన్ను లోపే ఉంటాది బాబూ" అన్నారు. ముక్కనుమ మర్నాడు దాన్ని ఖాళీగా ట్రాక్టరుకి తగిలించి బొండపల్లి దగ్గర రైస్ మిల్లు కాటా మీదకెక్కించాను. 1,460 కిలోలు. గ్యాసు బండ లేదు, నీళ్ళు లేవు, పరుపు లేదు. తర్వాత కొక్కెం కింద ఇటుకలు పేర్చి అక్క బరువు చూసుకునే మిషను పెట్టాం. 146 రావాల్సిన చోట 40 చూపించింది. బావ మిషను పాడైందన్నాడు. అక్క దాని మీదెక్కి దిగి, బాగానే ఉందంది.

వెనక తలుపు తీస్తే కారణం కనపడింది. వంటగట్టు మీద నీలం గ్రానైటు. టెక్కలి రాయి. 6 అడుగుల పొడుగు, 2 అడుగుల వెడల్పు, ఒక్క పలకే 60 కిలోలు. దాని కింద దాన్ని మొయ్యడానికి ఇనప చట్రం, పక్క గోడకి అదే రాయి. అన్నీ చక్రాలకి వెనకవైపే.

"ఇది తీసేసి స్టీలు రేకు వేయించుకుంటే సగం గొడవ పోతుంది," అన్నాను.

బావ అక్క వైపు చూశాడు. అక్క కొంగుతో రాయి మీద దుమ్ము తుడుస్తోంది.

"మా అత్తారూరి రాయి. తియ్యనివ్వను," అంది. "కావలిస్తే ఇంకా పెద్ద బండి కొనండి."